శిక్ష ఎవరికి, ఎంత, ఎలా: ఆన్‌లైన్ కాపీరైట్ ఉల్లంఘనపై ఒక సమీక్ష

ఆన్‌లైన్‌లో కాపీరైట్ ఉల్లంఘించిన వారికి భారతదేశంలో పడే ప్రధాన శిక్ష 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 63లో ఉంది. కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ళు జైలు. 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. రెండోసారి దోషిగా తేలితే సెక్షన్ 63ఏ ప్రకారం జైలు ఏడాదికి, జరిమానా లక్షకు తగ్గకూడదు. ఈ అంకెలు ఇంటర్నెట్‌ను చూసి వేసినవి కావు. మూల చట్టంలో గరిష్ఠ శిక్ష ఒక్క ఏడాదే. వీడియో క్యాసెట్లు ఊరూరా పాకినప్పుడు, 1984 సవరణలో దాన్ని ఇప్పటి స్థాయికి పెంచారు. ఆ తర్వాత క్యాసెట్టు పోయి సీడీ, సీడీ పోయి చిప్పు, చిప్పు పోయి లింకు వచ్చినా సెక్షన్ 63లో అంకె మారలేదు. 1984లో 2 లక్షలంటే ఒక వీడియో దుకాణాన్ని మూయించగల మొత్తం. నేడు పెద్ద పైరసీ సైటు నడిపేవాడికి అది లెక్కలోకి రాని ఖర్చు.

శిక్ష చాలదన్న వాదన ఇక్కడి నుంచే పుడుతుంది. కానీ పాటలు కాపీ చేసి ఇచ్చే ఒక సెల్ షాపు కుర్రాడికి అదే సెక్షన్ మరీ ఎక్కువ. నిచ్చెనకు ఒకే మెట్టు ఉండడం దీని అసలు లోపం.

గోదావరి ఒడ్డున అడవి అంచు ఊళ్ళలో ఈ లోపం బాగా కనబడుతుంది. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల మండలాలు తెలంగాణలో ఉన్నాయి. 2014లో ముంపు మండలాలు బదిలీ అయ్యాక చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం దాటగానే వచ్చే ఎటపాక కూడా అటు రాష్ట్రమే. ఇంకొంచెం పోతే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట, ఆ పక్కన ఒడిశాలోని మల్కనగిరి. ఈ ప్రాంతంలోని చాలా గూడేలకు సెల్ సిగ్నల్ ఆలస్యంగా వచ్చింది. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల కోసం పది రాష్ట్రాల్లో పెట్టిన 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చాలని కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో నిర్ణయించింది. ఆ పది రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నాలుగూ ఉన్నాయి. నెట్ లేని రోజుల్లో కొత్త పాటలూ సినిమాలూ సంత రోజున ఊరికి వచ్చేవి. రీఛార్జి షాపులో పదో ఇరవయ్యో ఇస్తే చిప్పులో ఎక్కించేవారు. కొన్నవాడికి గానీ ఎక్కించినవాడికి గానీ అది నేరమన్న ఊహే ఉండేది కాదు.

చట్టం దృష్టిలో అది అచ్చంగా నేరమే. డబ్బు తీసుకుని కాపీ చేశాడు కాబట్టి వ్యాపార లాభం ఉన్నట్టే లెక్క. సెక్షన్ 63లో ఒక వెసులుబాటు ఉంది. వ్యాపార లాభం కోసం కాని ఉల్లంఘన అయితే, తగిన ప్రత్యేక కారణాలు తీర్పులో రాసి, న్యాయమూర్తి కనీస శిక్షకన్నా తక్కువ వేయవచ్చు. చిప్పుకు ఇరవై రూపాయలు పుచ్చుకున్నవాడికి ఆ వెసులుబాటు అందదు. ఏ లాభమూ చూసుకోకుండా కొత్త సినిమాను వేలమందికి పంచిన సరదా మనిషికి అందవచ్చు. నష్టం ఎక్కువ చేసింది రెండోవాడు. ఎక్కువ శిక్ష పడే ప్రమాదం మొదటివాడిది.

అరెస్టు విషయంలోనూ ఇదే బరువు. సెక్షన్ 63 నేరం బెయిలబులా కాదా అన్నదానిపై హైకోర్టులు చాలాకాలం తలోమాట చెప్పాయి. అమర్‌నాథ్ వ్యాస్ కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిందితుల పక్షాన నిలిచి, దాన్ని నాన్ బెయిలబుల్ నేరంగా చూడరాదంది. 2022 మే 20న నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు ఆ వివాదాన్ని తేల్చేసింది: పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా రాని నేరమే. ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు యాంత్రికంగా జరగకూడదని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది కాబట్టి, ముందు నోటీసు ఇవ్వడం ఇప్పటికీ మామూలు పద్ధతి కావాలి. కానీ స్టేషన్లో కూర్చున్న చిన్న దుకాణదారుకు ఈ తీర్పుల పేర్లు చెప్పేదెవరు? తీర్పు వచ్చేదాకా నడిచే విచారణే అతనికి అసలు శిక్ష అవుతుంది.

రుజువు చేయడంలో పోలీసులకు ఉన్న ఇబ్బందిని కోర్టులు కొంత తగ్గించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఒక వీడియో క్యాసెట్ల కేసులో, హక్కుదారుణ్ణి సాక్షిగా పిలవలేదని హైకోర్టు నిందితుణ్ణి వదిలేస్తే, 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తప్పుపట్టింది. క్యాసెట్టు మీద చట్టప్రకారం ఉండాల్సిన వివరాలు లేకపోవడమే నేరమైనప్పుడు, యజమాని ఎవరో వెతికి బోనెక్కించనక్కర లేదంది. అట్ట మీద ఏమి ముద్రించాలో చెప్పే నియమం అట్టే లేని ఫైలుకు ఎలా వర్తించాలన్నది మాత్రం అప్పటి ప్రశ్న కాదు.

తెలుగు సినిమాకు పెద్ద దెబ్బలు తగిలిన సందర్భాలు చూస్తే దొంగతనం ఒకే చోట జరగలేదని తెలుస్తుంది. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే సగానికి పైగా బయటికి వచ్చింది. కృష్ణా జిల్లా పెడనలో డీవీడీలు అమ్ముతుంటే బయటపడిన ఆ వ్యవహారం మూలం చిత్రబృందంలోనే తేలింది. 2017లో 'బాహుబలి 2' కాపీ చేతిలో పెట్టుకుని నిర్మాతలను డబ్బు కోసం బెదిరించిన ముఠాలో బీహార్‌కు చెందిన ఒక థియేటర్ యజమాని ఉన్నాడని హైదరాబాద్ పోలీసులు చెప్పారు. 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్' విడుదలైన కొద్ది రోజులకే విశాఖ గాజువాకలో ఒక లోకల్ కేబుల్ చానల్‌లో వచ్చింది. ఫిబ్రవరిలో 'తండేల్'ను ఏపీఎస్ ఆర్టీసీ బస్సులో ప్రయాణికులకు వేసి చూపారు. ప్రభుత్వ సంస్థ బస్సులోనే కొత్త సినిమా ఆడితే, అది తప్పని ప్రయాణికుడికి తెలియాలనడం అత్యాశే. కాపీ ఒకసారి బయటపడ్డాక దాన్ని పంచేవాళ్ళు అనేకులు, మొదట బయటపెట్టేది ఒకరిద్దరు. శిక్ష బరువు ఆ ఒకరిద్దరి మీద పడాలి.

2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ఈ దిశలో వేసిన అడుగే. థియేటర్లో రికార్డు చేయడాన్నీ, అనుమతి లేని చోట లాభం కోసం దొంగ కాపీ ప్రదర్శించడాన్నీ విడి నేరాలుగా చెప్పి, 3 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 3 లక్షల నుంచి సినిమా ఆడిటెడ్ నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పెట్టింది. లెక్క వేస్తే 100 కోట్ల సినిమాకు గరిష్ఠ జరిమానా 5 కోట్లు, 2 కోట్ల సినిమాకు 10 లక్షలు. సీటు కింద ఫోను దాచి చిత్రీకరించే మనిషి 5 కోట్లు ఎక్కడి నుంచి తెస్తాడు? వసూలు కాని జరిమానా కాగితం మీది అంకె మాత్రమే. పైగా చిన్న నిర్మాత జీవితకాలపు పొదుపుకన్నా పెద్ద నిర్మాత బడ్జెట్టుకే ఎక్కువ రక్షణ దొరుకుతోంది. జరిమానాకు కొలత నష్టపోయిన సినిమా ఎంత పెద్దదన్నది కాకూడదు, దొంగ ఎంత సంపాదించాడన్నది కావాలి. ఆ చట్టంతోపాటు వచ్చిన ఏర్పాటు ఒకటి మాత్రం నిజంగా పనికొచ్చేది. 2023 నవంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ 12 మంది నోడల్ అధికారులను నియమించింది. ఫిర్యాదు నిజమైతే వారు ఆదేశించిన 48 గంటల్లో కంటెంట్ తీసేయాలి. కోర్టుకు పోయే తాహతు లేని చిన్న నిర్మాతకు ఇది అందే మార్గం.

సొమ్ము ఎంత చేతులు మారుతోందో చెప్పే అంచనాల్లో ఎక్కువగా వినబడేది కన్సల్టింగ్ సంస్థ ఈవై, ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ కలిసి 2024 అక్టోబరులో విడుదల చేసిన నివేదిక. 2023లో దేశంలో పైరసీ విలువ 22,400 కోట్లనీ, అందులో థియేటర్ల నుంచి పోయిన సినిమాలది 13,700 కోట్లనీ, ఓటీటీలది 8,700 కోట్లనీ అది లెక్కగట్టింది. మీడియా వాడుకరుల్లో 51 శాతం ఏదో ఒక పైరసీ మూలాన్ని ఆశ్రయిస్తున్నారని కూడా చెప్పింది. దొంగ కాపీ చూసిన ప్రతివాడూ అది దొరక్కపోతే టికెట్టు కొనేవాడని అనుకుంటేనే ఇలాంటి మొత్తాలు పూర్తి నష్టమవుతాయి, కాబట్టి వీటిని జాగ్రత్తగా వాడుకోవాలి. 51 శాతం అన్న అంకె ఇంకా ముఖ్యం. సగం మంది చేసే పనికి జైలు వేస్తామనే చట్టం అమలు కాదు. అమలైన చోట ఎంపిక చేసిన కొందరి మీదే అమలవుతుంది.

2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సైటు నిర్వాహకుడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు ఈ సంగతి స్పష్టంగా కనబడింది. విదేశంలో ఉంటూ సైటు నడిపాడనీ, బెట్టింగ్ యాప్‌ల ప్రచారంతో డబ్బు సంపాదించాడనీ పోలీసుల కథనం. ఆరోపణలు కోర్టులో తేలాల్సినవి. అరెస్టు వార్తకు సామాజిక మాధ్యమాల్లో వచ్చిన స్పందనలో చిత్రపరిశ్రమ మీద సానుభూతికన్నా టికెట్ ధరల మీద కోపమే పైకి తేలింది. అంతకు రెండు నెలల ముందే 'ఓజీ' సినిమా ప్రత్యేక ప్రదర్శనకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1,000 రూపాయలు, తెలంగాణ 800 రూపాయలు వసూలు చేసుకోనిచ్చాయి. అధిక ధర దొంగతనాన్ని ఒప్పు చేయదు. కానీ ప్రేక్షకుడు దొంగ పక్షాన మాట్లాడుతున్నప్పుడు, ప్రేక్షకుణ్ణే శిక్షిస్తానన్న చట్టం నిలబడదు.

ఈ కేసు ఇంకో సంగతి చూపింది. పోలీసుల కథనం నిజమైతే, పెద్ద పైరసీ సైటు ఆదాయం సినిమా నుంచి రాదు, సినిమా కోసం వచ్చిన జనాన్ని బెట్టింగుకు మళ్ళించడం నుంచి వస్తుంది. అందుచేత జైలుకన్నా జప్తు బలమైన ఆయుధం. మనీ లాండరింగ్ నిరోధక చట్టం షెడ్యూలులో కాపీరైట్ చట్టపు సెక్షన్ 63 ఎప్పటి నుంచో ఉంది. 2 లక్షల జరిమానా చేయలేని పని, నేరంతో వచ్చిన ఆస్తి మొత్తాన్నీ జప్తు చేసే ఆ చట్టం చేయగలదు. కొత్త శిక్షల కోసం అరవడానికి ముందు వాడుకోవాల్సింది దీన్నే.

ముందస్తు నిర్బంధం అనే దారి కూడా ఉంది, అది మంచిది కాదు. తమిళనాడు 2004లోనే తన గూండా చట్టంలోకి వీడియో పైరేట్లను చేర్చింది. తెలంగాణ 1986 నాటి ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టాన్ని సవరిస్తూ సైబర్ నేరస్థులనూ, నకిలీ విత్తనాల వారినీ, అటవీ నేరస్థులనూ అందులోకి తెచ్చింది. చట్టం పేరే ఒక పేరా అంత పొడవైంది. విచారణ లేకుండా ఏడాది దాకా నిర్బంధించడం రుజువు చేయలేని ప్రభుత్వానికి సులువు. ఈ చట్టాన్ని తెలంగాణ విచ్చలవిడిగా వాడుతోందని 2023లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు మందలించింది. అటవీ నేరాల పేరిట పోలీసు, అటవీ శాఖల అధికారాన్ని చవిచూసిన ఏజెన్సీ ప్రాంతంలో, కాపీ చేసిన పాటకు కూడా పీడీ చట్టం వస్తుందంటే న్యాయం మీద ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది.

శిక్షకు బదులు అడ్డుకట్ట వేయడం కోర్టులు ఎంచుకున్న మార్గం. 2019 ఏప్రిల్ 10న యూటీవీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సైటు పేరు మార్చుకుని కొత్త చిరునామాతో తిరిగొస్తే మళ్ళీ దావా వేయకుండానే దాన్నీ నిలిపేసే డైనమిక్ ఇంజంక్షన్ ఇచ్చింది. 2023లో ఇంకా తీయని, రాబోయే రచనలకూ రక్షణ వర్తించేలా దాన్ని విస్తరించింది. మిర్రర్ సైట్ల వేగానికి ఇది కొంత జవాబు. కానీ అడ్డుకట్ట గురి తప్పితే అమాయకులు నష్టపోతారు. 2012లో '3' చిత్రం కోసం మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును పట్టుకుని నెట్ కంపెనీలు వీమియో వంటి సక్రమమైన సైట్లను మొత్తంగా మూసేశాయి. నిర్దిష్ట లింకులనే ఆపాలని కోర్టు తర్వాత వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఇటలీలో 30 నిమిషాల్లో సైట్లను నిలిపేసే పైరసీ షీల్డ్ 2024 అక్టోబరులో గూగుల్ డ్రైవ్‌నే అడ్డుకుంది.

చూసినవాడి సంగతేమిటి? 2016లో నిలిపేసిన సైట్లు తెరిస్తే, ఈ పేజీ చూడడం కూడా మూడేళ్ళ జైలుకు దారితీసే నేరమన్నట్టు ఒక హెచ్చరిక కనబడేది. 'డిషూమ్' సినిమా కేసులో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్ దాన్ని సరిదిద్దారు. చూడడం నేరం కాదు, పంచడం, అనుమతి లేకుండా ప్రదర్శించడం, అమ్మడం నేరం. డౌన్‌లోడ్ చేసి దాచుకోవడం ఈ రెంటి మధ్య ఎక్కడ పడుతుందో చట్టం సూటిగా చెప్పలేదు. వాడుకరిని శిక్షించబోయిన దేశాల అనుభవం ఉత్సాహం కలిగించేది కాదు. అమెరికాలో మిన్నెసోటా మహిళ ఒకరు 24 పాటలు పంచుకున్నందుకు జ్యూరీ ఒకసారి 19 లక్షల 20 వేల డాలర్లు కట్టమంది. అది చివరికి 2 లక్షల 22 వేల దగ్గర ఆగింది. ఫ్రాన్స్ 2009లో హడోపి చట్టంతో మూడుసార్లు తప్పు చేస్తే నెట్ కట్ అంది. 2013లో ఆ శిక్షనే రద్దు చేసుకుంది. కెనడా 2012లో ఎంచుకున్న పద్ధతి తెలివైనది. వ్యాపారం కాని ఉల్లంఘనకు నష్టపరిహారం మొత్తం 100 నుంచి 5,000 డాలర్ల లోపే ఉండాలని గీత గీసింది. మేధోసంపత్తిపై అంతర్జాతీయ ట్రిప్స్ ఒప్పందం 61వ అధికరణం కూడా నేర శిక్షలు తప్పనిసరి అన్నది ఉద్దేశపూర్వకంగా, వ్యాపార స్థాయిలో చేసే పైరసీకే.

చదువు విషయంలో గీత ఇంకా ఉదారంగా ఉండాలి. పోటీ పరీక్షలకు చదివే ఏజెన్సీ విద్యార్థికి టెలిగ్రామ్‌లో దొరికే పీడీఎఫ్ చాలాసార్లు కొనలేని పుస్తకానికి బదులు. 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీ కేసులో, పాఠ్యబోధన కోసం పుస్తక భాగాలను ప్రతులు తీయడం ఉల్లంఘన కాదని హైకోర్టు చెప్పింది. 2022లో అదే హైకోర్టు, ఒక అధ్యాపకురాలి కోచింగ్ మెటీరియల్ అమ్ముకుంటున్న చానళ్ళ వెనక ఎవరున్నారో చెప్పాలని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. రెండు తీర్పులూ సరైనవే: చదువుకునేవాడిని వదిలి, అమ్ముకునేవాడిని పట్టుకున్నాయి.

ఇంతవరకూ మాట్లాడింది హైదరాబాదు సొత్తు అడవికి చేరడం గురించి. ఎదురు దిశలోనూ చోరీ జరుగుతుంది, దాని మాట తక్కువ. తెలంగాణలోనే మణుగూరు మండలంలో ఉన్న మరో కూనవరం గ్రామానికి చెందిన కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మ మొదలైన వీరుల చరిత్రలను డోలు వాయిస్తూ నోటికి పాడే ఆ విద్యను ఆయన 2024లో మరణించేదాకా నిలబెట్టారు. ఇలాంటి కళాకారుడి పాటను ఫోనులో పట్టుకుపోయి, మీద మ్యూజిక్ వేసి, యూట్యూబ్‌లో సొంత ముద్రతో పెట్టుకుంటే చట్టం ఏమంటుంది? తరతరాల బాణీకి ఒక కర్త లేడు కాబట్టి కాపీరైట్ లేదు. పాడిన ఆ ప్రదర్శన మీద మాత్రం సెక్షన్ 38 కింద కళాకారుడికి 50 ఏళ్ళ హక్కు ఉంది. అనుమతి లేకుండా రికార్డు చేయడం, పేరు చెప్పకపోవడం రెండూ ఉల్లంఘనలే. 1994లో వచ్చి 2012లో బలపడిన ఈ హక్కు సంగతి గూడేల్లో దాదాపు ఎవరికీ తెలియదు.

రామదాసు కీర్తనలది దీనికి తలకిందుల కథ. 17వ శతాబ్దపు ఆ రచనలు అందరివీ. కానీ వాటి పాత రికార్డింగుల మీద కంపెనీలకు 60 ఏళ్ళ హక్కు ఉంటుంది. యూట్యూబ్‌లో కాపీలను పట్టే యంత్రం రచననూ రికార్డింగునూ సరిగా విడదీయలేనప్పుడు భజన మండలి సొంతంగా పాడినదాని మీద కూడా క్లెయిమ్ పడవచ్చు. 2021 తొలి ఆరు నెలల్లో యూట్యూబ్ కంటెంట్ ఐడీ వ్యవస్థలో 72 కోట్లకు పైగా క్లెయిములు వచ్చాయనీ, ప్రశ్నించినవి ఒక శాతం లోపేననీ, ప్రశ్నించిన వాటిలో 60 శాతం వీడియో పెట్టినవారి పక్షాన తేలాయనీ ఆ సంస్థే ప్రకటించింది. అడిగితే గెలుస్తారు, అడిగేవారు లేరు. తప్పుడు క్లెయిము వేసినవాడికి ఇక్కడ శిక్ష దాదాపు సున్నా. ఆధారం లేని బెదిరింపులపై దావా వేసే వీలు సెక్షన్ 60లో ఉన్నా, యంత్రం పంపే క్లెయిముకు అది ఎలా అతుకుతుందో తేలాల్సి ఉంది. శిక్షలు న్యాయంగా ఉండాలంటే రెండు వైపులా ఉండాలి.

చిన్న కళాకారుడికి అందుబాటులో ఉండే వేదిక లేకపోవడం మిగిలిన పెద్ద లోటు. ఇంగ్లండులో 10 వేల పౌండ్ల లోపు వివాదాలకు మేధోసంపత్తి కోర్టులోనే ఒక సులువు దారి ఉంది. అమెరికాలో 2022 నుంచి 30 వేల డాలర్ల దాకా విచారించే కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు ఉంది. మన దేశంలో ఉన్న కాపీరైట్ బోర్డును 2017లో మరో ట్రైబ్యునల్‌లో కలిపారు. 2021లో ఆ ట్రైబ్యునల్‌నూ రద్దు చేశారు. హైదరాబాదులో 2016లో మేధోసంపత్తి నేరాల కోసం ప్రత్యేక పోలీసు విభాగం మొదలైంది. నిర్మాతలకు అది దగ్గర, చర్ల గాయకుడికి దూరం.

అయినా ఉన్న చట్టంలోనే ఒక దారి ఉంది. మామూలు దావా ప్రతివాది ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో వేయాలి. కాపీరైట్ చట్టం సెక్షన్ 62 మాత్రం హక్కుదారుడు తాను నివసించే జిల్లా కోర్టులోనే వేసుకోనిస్తుంది. చెన్నై, ముంబయి కంపెనీ అయినా కొత్తగూడెం జిల్లా కోర్టుకు వచ్చి జవాబు చెప్పాలి. న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి ఉచితంగా న్యాయవాదిని ఇవ్వడం జిల్లా న్యాయసేవాధికార సంస్థ బాధ్యత. పాట పోయిందని తెలిసిన ఏజెన్సీ కళాకారులు వీడియో లింకు, అది పెట్టిన తేదీ, తాము పాడినట్టు చెప్పగల ఇద్దరు సాక్షుల పేర్లు రాసుకుని ముందుగా ఆ కార్యాలయానికే వెళ్ళాలి.